ఈరీ కెనాల్ ఉత్తరాల్లో ‘పబ్లిక్ ఇంటరెస్ట్’ అంటే ఎవరి ఇంటరెస్ట్?

పిల్ అంటే ప్రజా ప్రయోజన వ్యాజ్యం అని పేపర్లో రోజూ చదువుతూనే ఉంటాం. అందులో ‘ఇంటరెస్ట్’ అంటే ప్రయోజనం, మేలు. అదే మాట క్రికెట్ మీద ఇంటరెస్ట్ అంటే ఆసక్తి అవుతుంది, బ్యాంకులో అయితే వడ్డీ, ఎవరి భూమిలోనో కంపెనీలోనో అయితే వాటా. మనకి నాలుగు మాటలున్నాయి కాబట్టి ఏది ఎక్కడ వాడాలో తికమక పడం, ఇంగ్లీషులో రాసేవాడికి మాత్రం నాలుగింటికీ ఒకటే మాట. ఇదేదో పదాల గొడవ అనుకోకండి, ఎందుకంటే అమెరికాలో ఈరీ కెనాల్ గురించి రెండొందల ఏళ్ల నాటి ఉత్తరాలు, అర్జీలు చదివేటప్పుడు అసలు చిక్కంతా ఇక్కడే వస్తుంది.

2025 అక్టోబర్ 26కి ఆ కాలువ మొత్తం తెరిచి సరిగ్గా 200 ఏళ్లు. ఆ సందర్భంగా రెండు మూడు కథలు మళ్లీ మళ్లీ వినిపించాయి. లక్ష మంది సంతకాలు పెట్టి మరీ కాలువ తవ్వించుకున్నారు అనేది ఒకటి, ప్రెసిడెంట్ జెఫర్సన్ దీన్ని పిచ్చి పని అన్నాడు అనేది ఇంకోటి. రెండూ పాత కాగితాల మీద ఆధారపడ్డవే, రెండూ పూర్తిగా అబద్ధం కాదు, కానీ ఆ కాగితాలు ఎవరు ఎప్పుడు ఎవరికి రాశారో చూస్తే కథ మారిపోతుంది.

## ముందు కాలువ సంగతి

న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది మీద ఆల్బనీ ఉంది, పడమర చివర ఈరీ సరస్సు ఒడ్డున బఫెలో ఉంది. ఈ రెండింటినీ కలుపుతూ 363 మైళ్ల పొడవున, 40 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతుతో తవ్విన కాలువే ఈరీ కెనాల్. 1817 జులై 4న రోమ్ అనే ఊరి దగ్గర పని మొదలుపెట్టి 1825లో పూర్తి చేశారు, ఖర్చు 71 లక్షల డాలర్ల పైచిలుకు. సరస్సుకీ హడ్సన్‌కీ మధ్య ఎత్తు తేడా సుమారు 570 అడుగులు, అందుకని 83 లాకులు కట్టారు. గోదావరి డెల్టాలో పెరిగిన వాళ్లకి లాకు అంటే ఏంటో చెప్పక్కర్లేదు, మిగతా వాళ్ల కోసం ఒక్క మాట: రెండు గేట్ల మధ్య పడవని ఆపి నీళ్లు నింపితే పడవ పైకి లేస్తుంది, వదిలేస్తే కిందకి దిగుతుంది. మన డెల్టా కాలువలు ముఖ్యంగా సాగు కోసం, పడవలు ఆ తర్వాత. ఇది మాత్రం రవాణా కోసమే తవ్వింది, గట్టు మీద గుర్రాలు, కంచరగాడిదలు నడుస్తూ తాడుతో పడవని లాగేవి.

ఎందుకింత అవసరం అంటే, బఫెలో నుంచి న్యూయార్క్ సిటీకి ఒక టన్ను సరుకు బండి మీద తేవాలంటే దాదాపు 100 డాలర్లు అయ్యేది, కాలువ వచ్చాక అది 10 డాలర్ల దగ్గరకి పడిపోయింది. గోధుమలు పండించేవాడికి పంట ఖరీదు కన్నా బండి కిరాయి ఎక్కువైతే ఆ పంట పండించి ఏం లాభం?

ఇంకో విషయం, దీన్ని కట్టింది రాష్ట్రం, కేంద్రం కాదు. కేంద్రాన్ని అడిగారు, ఇవ్వలేదు. రోడ్లకీ కాలువలకీ డబ్బు పెట్టే బిల్లు ఒకటి కాంగ్రెస్‌లో పాసైంది కూడా, కానీ ప్రెసిడెంట్ మాడిసన్ దిగిపోయే ముందు రోజు, 1817 మార్చి 3న, రాజ్యాంగం మాకు ఆ అధికారం ఇవ్వలేదు అని వీటో చేశాడు. ఆరు వారాలు తిరిగేసరికి ఏప్రిల్ 15న న్యూయార్క్ తన సొంత చట్టం చేసుకుంది. అందుకే ఇది మొదటి నుంచీ రాష్ట్ర కాలువ, దాని కాగితాల్లో ఎక్కువ భాగం రాష్ట్ర రాజధాని ఆల్బనీలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి.

## ఉత్తరం అంటే అన్నీ ఒకటే రకం కాదు

ఆర్కైవ్‌లో కాలువ ఉత్తరాలు అని ఒక పేరు పెట్టి అట్టపెట్టెల్లో పెట్టినా లోపల ఉండేవి వేర్వేరు జాతుల కాగితాలు. శాసనసభకి జనం ఉమ్మడిగా పెట్టుకున్న అర్జీలు ఉంటాయి. కమిషనర్లు వేరే రాష్ట్రాల గవర్నర్లకి రాసిన అధికారిక లేఖలు, వాటికి జవాబులు ఉంటాయి. నా పొలం మునిగింది, నా మిల్లుకి నీళ్లు రావట్లేదు అని వ్యక్తులు నష్టపరిహారం కోసం రాసుకున్నవి ఉంటాయి. అంతా అయిపోయాక పదేళ్లకో ఇరవై ఏళ్లకో ‘అప్పుడు ఏం జరిగిందంటే’ అని గుర్తు చేసుకుంటూ రాసినవి కూడా ఉంటాయి.

మొదటి రకంలో ఆసక్తి కనిపిస్తుంది, రెండోదాంట్లో రాష్ట్రాల వాటాలు కనిపిస్తాయి, మూడోదాంట్లో సొంత నష్టం, నాలుగోదాంట్లో ఎక్కువగా పేరు కోసం పోటీ. అన్నిట్లోనూ పబ్లిక్ అనే మాట మాత్రం ధారాళంగా ఉంటుంది.

## లక్ష సంతకాలు: ఆసక్తికి లెక్క ఉందా

ఆసక్తి ఎక్కడ మొదలైందో చూస్తే కొంచెం మనసు కదిలే కథే. జెస్సీ హాలీ అనే పిండి వ్యాపారి రవాణా ఖర్చుల దెబ్బకి దివాలా తీసి, అప్పులు తీర్చలేక జైల్లో పడ్డాడు. ఆ జైలు నుంచే 1807-08లో హెర్క్యులిస్ అనే మారుపేరుతో ఒక చిన్న పేపర్‌కి 14 వ్యాసాలు రాశాడు, హడ్సన్ నుంచి ఈరీ సరస్సు దాకా కాలువ తవ్వొచ్చు అని. అప్పుల్లో మునిగిన మనిషి, పేరు కూడా చెప్పుకోలేని స్థితిలో, ఏ రోడ్డు మీద తన బతుకు చితికిపోయిందో ఆ రోడ్డుకి బదులు ఏం ఉండాలో లెక్కలేసి రాయడం. దీన్ని ప్రజల ఆసక్తి అనాలా, ఒక వ్యాపారి సొంత బాధ అనాలా? నాకైతే రెండూ విడదీయలేం అనిపిస్తుంది.

తర్వాత 1810లో కమిషన్ వేశారు, 1812లో బ్రిటన్‌తో యుద్ధం వచ్చి అంతా ఆగిపోయింది. యుద్ధం అయ్యాక 1815 డిసెంబర్ 30న న్యూయార్క్ సిటీలో ఒక హోటల్లో పెద్దమనుషుల మీటింగ్ జరిగింది, అక్కడ డివిట్ క్లింటన్‌కి (తర్వాత రాష్ట్ర గవర్నర్ అయింది ఈయనే) అర్జీ రాసే పని అప్పజెప్పారు. ఆ అర్జీ కాపీలు రాష్ట్రమంతా తిప్పారు, ఊరూరా మీటింగులు పెట్టారు, 1816లో శాసనసభకి చేరిన సంతకాలు మొత్తం లక్ష దాటాయని చరిత్ర పుస్తకాల్లో చెప్పే లెక్క.

లక్ష అంటే ఎంత? 1810 జనాభా లెక్కల్లో రాష్ట్రంలో 9,59,049 మంది, 1820లో 13,72,812 మంది. మధ్యలో 1816కి సుమారు 12 లక్షలు అనుకుందాం. అంటే పన్నెండు మందిలో ఒకరు సంతకం పెట్టినట్టు. కానీ ఆ రోజుల్లో ఇలాంటి అర్జీల మీద సంతకం పెట్టేది ఎక్కువగా వయసొచ్చిన మగవాళ్లే, వాళ్లు జనాభాలో ఐదో వంతో నాలుగో వంతో అనుకుంటే రెండున్నర నుంచి మూడు లక్షలు. అప్పుడు ప్రతి ముగ్గురిలో ఒకరు అయినట్టు లెక్క. ఫోన్ లేదు, రైలు లేదు, అలాంటి కాలంలో ఇది చాలా పెద్ద సంఖ్య.

కానీ ఇక్కడే ఆగి చూడాలి. ఒకచోట రాసిన అర్జీ కాపీలు చేతులు మారుతూ తిరిగితే అది ఉద్యమమా, ప్రచారమా? చరిత్రకారుల్లో కొందరు ఇది నిజమైన జనాదరణ అంటారు, కాలువ దారి పొడుగునా ఉన్న ఊళ్లలో ఉత్సాహం ఎవరో పుట్టిస్తే పుట్టేది కాదని వాళ్ల వాదన. ఇంకొందరు భూముల వ్యాపారుల వైపు చూపిస్తారు. పడమట లక్షల ఎకరాలు చేతిలో పెట్టుకున్న హాలండ్ ల్యాండ్ కంపెనీ, కాలువ కడితే లక్ష ఎకరాలకి పైగా రాష్ట్రానికి ఇస్తామని ముందుకొచ్చింది. ఇచ్చే ఎకరాల కన్నా మిగిలిన ఎకరాల ధర ఎంత పెరుగుతుందో వాళ్లకి బాగా తెలుసు. అంటే అది వాటా, ప్రయోజనం అనే బట్ట కట్టుకుని వచ్చిన వాటా. అయినా కంపెనీకి లాభం వస్తుంది కాబట్టి రైతుకి మేలు జరగదు అని కూడా అనలేం, రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

వ్యతిరేకులవీ ఉన్నాయి. లాంగ్ ఐలాండ్, హడ్సన్ లోయ రైతులకి పడమటి నుంచి చౌక గోధుమలు దిగితే తమ పంట ఏమవుతుందో అని భయం, పైగా ఆ కాలువకి పన్ను తామూ కట్టాలి. న్యూయార్క్ సిటీ సభ్యుల్లో ఎక్కువ మంది 1817లో వ్యతిరేకంగానే ఓటేశారు. తర్వాత అందరికన్నా ఎక్కువ బాగుపడింది మాత్రం ఆ సిటీయే. తమ ప్రయోజనం ఏదో జనానికి ముందే తెలుస్తుంది అనుకోవడానికి లేదన్నమాట.

## పక్క రాష్ట్రాల జవాబులు: ఎవరి పబ్లిక్?

1811లో కమిషనర్లు, ఇది దేశం మొత్తానికి మేలు చేసే పని కాబట్టి అందరూ చెయ్యి వెయ్యండి అని ఇతర రాష్ట్రాలకి లేఖలు రాశారు. గవర్నర్ మోరిస్ (గవర్నర్ అనేది ఆయన పేరే, పదవి కాదు), క్లింటన్ ఇద్దరూ ఆ ఏడాది చివర వాషింగ్టన్ కూడా వెళ్లొచ్చారు. వచ్చిన జవాబులు చూస్తే ఒక్కోటి ఒక్కో అద్దం. ఒహాయో సానుకూలంగా స్పందించింది, ఎందుకంటే దాని సరుకు సరస్సు మీదుగా ఆ కాలువలోకే వస్తుంది. కనెక్టికట్ ఒప్పుకోలేదు. మిషిగన్ టెరిటరీ నుంచి వచ్చింది అన్నిటికన్నా ఆసక్తికరం: కాలువ మంచిదే కానీ మీరు చెప్పిన దారిలో కాదు, నయాగరా జలపాతాన్ని తప్పించే కాలువ ఒకటి, ఆస్విగో జలపాతం దగ్గర ఇంకోటి కడితే మేలు అని.

మిషిగన్ వాళ్లు చెప్పింది తెలివితక్కువ మాట కాదు. ఆ దారిలో తవ్వాల్సింది చాలా తక్కువ, మధ్యలో ఆంటారియో సరస్సు ఉచితంగా దొరుకుతుంది. కానీ ఆంటారియో సరస్సులోకి దిగిన సరుకు సెయింట్ లారెన్స్ నది పట్టుకుని నేరుగా మాంట్రియల్‌కి, అంటే బ్రిటిష్ వాళ్ల చేతికి పోవచ్చు, న్యూయార్క్ భయం అది. సరుకు ఎటుపోయినా మిషిగన్ రైతుకి డబ్బు వస్తే చాలు, న్యూయార్క్‌కి మాత్రం సరుకు తన రేవులో దిగాలి. ఒకే కాలువ, ఇద్దరు పబ్లిక్‌లు. ‘దేశ ప్రయోజనం’ అని లేఖలో రాసినప్పుడు లోపల ‘మా రేవు ప్రయోజనం’ కూడా ఉంది, అయితే అది దాచిపెట్టిన కుట్ర కూడా కాదు, కమిషనర్లు ఈ మాంట్రియల్ భయాన్ని బాహాటంగానే వాదించారు.

## జెఫర్సన్ నిజంగా ‘పిచ్చి’ అన్నాడా

అందరికీ తెలిసిన కథ ఇది. 1809లో జాషువా ఫోర్మన్ అనే శాసనసభ్యుడు వాషింగ్టన్ వెళ్లి కాలువకి సాయం అడిగితే, ఇది అద్భుతమైన ప్లానే, ఓ నూరేళ్ల తర్వాత కట్టొచ్చు, ఇప్పుడు దీని గురించి ఆలోచించడం పిచ్చితనానికి దగ్గర్లో ఉంది అనే అర్థం వచ్చేలా జెఫర్సన్ అన్నాడట.

ఇప్పుడు కాగితాల తేదీలు చూడండి. ఈ సంభాషణని ఫోర్మన్ వివరంగా రాసిన ఉత్తరం 1828 నాటిది, అంటే పంతొమ్మిదేళ్ల తర్వాత, కాలువ పూర్తయి అందరూ పొగుడుతున్న రోజుల్లో. రాసింది ఎవరికంటే డాక్టర్ డేవిడ్ హోసాక్‌కి, ఆయన అప్పుడే చనిపోయిన క్లింటన్ జ్ఞాపకాల పుస్తకం కోసం అందరి దగ్గరా ఉత్తరాలు సేకరిస్తున్నాడు. గెలిచాక రాసిన ఉత్తరం, గెలిచిన మనిషి పుస్తకం కోసం. ఇంతవరకే తెలిస్తే ఫోర్మన్ కొంచెం మసాలా వేశాడేమో అనుకుంటాం.

కానీ మధ్యలో ఇంకో ఉత్తరం ఉంది, దాని వల్లే నాకు ఈ విషయం మీద ఇంత ఇష్టం. 1822లో క్లింటన్ తాను మారుపేరుతో రాసిన చిన్న పుస్తకం ఒకటి జెఫర్సన్‌కి పంపాడు, అందులో ఈ ఫోర్మన్ సంభాషణ ప్రస్తావన ఉంది. ఆ డిసెంబర్ 12న, ఎనభై ఏళ్ల దగ్గర్లో ఉన్న జెఫర్సన్ జవాబు రాశాడు. ఆ సంభాషణ నాకు గుర్తు లేదు, కానీ అది సరైనదే అయ్యుంటుంది, ఎందుకంటే అప్పట్లో నా అభిప్రాయం అదే. న్యూయార్క్ మామూలు ప్రగతి కన్నా నిండు నూరేళ్లు ముందుకెళ్లిపోయింది అని నాలాగే ఇప్పటికీ చాలామంది అనుకుంటుంటారు. ఆయన రాసిన దాని సారాంశం ఇది. తర్వాత ఒక ప్రశ్న వేసుకున్నాడు, మిగతా రాష్ట్రాల కన్నా న్యూయార్క్ దగ్గర మిగులు ఎక్కువేం లేదే, మరి ఇంత పని ఎలా చేసింది, మిగులుని వృథా ఖర్చుకి కాకుండా పెట్టుబడికి వాడే లెక్క తెలిసిన బుద్ధి ఉందేమో అని.

కాబట్టి ‘జెఫర్సన్ అలా అన్నాడు’ అనే మాటకి దొరికే సాక్ష్యం ఇదీ: అడిగిన మనిషి కాలువ పక్షం వాడు, అన్న మనిషికి అన్నట్టు గుర్తు లేదు, కానీ అలా అనుకునేవాడినే అని ఒప్పుకున్నాడు. అభిప్రాయం ఖాయం, మాటలు ఖాయం కాదు. పాత ఉత్తరాల్లో చాలా వరకు ఇంతకన్నా స్పష్టంగా తేలవు.

అదే హోసాక్ సేకరణలో జోనస్ ప్లాట్ ఉత్తరం కూడా ఉంది. 1817లో చట్టాన్ని ఖరారు చేసే కౌన్సిల్‌లో, మళ్లీ యుద్ధం రావచ్చు కాబట్టి డబ్బు దానికి దాచుకోవాలి అని దేశ ఉపాధ్యక్షుడు డానియల్ టామ్‌కిన్స్ అన్నాడట, అప్పటిదాకా ఊగిసలాడుతున్న చాన్సలర్ (రాష్ట్రంలో పెద్ద జడ్జి) కెంట్ యుద్ధమో కాలువో ఒకటే అయితే నా ఓటు కాలువకే అని అటు మొగ్గాడట. అక్కడ కూర్చున్న మనిషి చెప్పిన మాట కాబట్టి కొట్టిపారేయలేం, పదకొండేళ్ల తర్వాత చెప్పిన మాట కాబట్టి అక్షరం అక్షరం నమ్మలేం.

## కాలువ కోసం పోయిన పొలం: మేలుని మైనస్ చేసే లెక్క

పని మొదలయ్యాక ఉత్తరాల స్వరం మారిపోతుంది. అంతకుముందు ‘మనకి’ అని రాసినవాళ్లే ఇప్పుడు ‘నాకు’ అని రాస్తారు. పొలం రెండు ముక్కలైంది, అటువైపు పశువుల్ని తోలాలంటే వంతెన కట్టించండి. గట్టు నుంచి నీళ్లు ఊరి చేను చిత్తడి అయింది. వాగు నీళ్లు కాలువలోకి మళ్లించారు, నా మిల్లు ఆగిపోయింది.

1817 చట్టం ప్రకారం రాష్ట్రం ఎవరి భూమిలోకైనా వెళ్లి కాలువకి కావలసింది తీసుకోవచ్చు, తర్వాత అప్రైజర్లు వచ్చి నష్టం లెక్కగడతారు. ఇక్కడ మెలిక ఏంటంటే, కాలువ వల్ల నీకు వచ్చే మేలు పోగా మిగిలిన నష్టానికే పరిహారం. ఊహకి ఒక ఉదాహరణ చూద్దాం. ఒక రైతుకి 60 ఎకరాలు, కాలువకి 5 ఎకరాలు పోయింది, కంచె, చెట్లు అన్నీ కలిపి నష్టం 200 డాలర్లు అని తేల్చారు. కానీ కాలువ పక్కనే ఉన్నందుకు మిగిలిన 55 ఎకరాల విలువ 250 డాలర్లు పెరిగింది అని వాళ్లే అన్నారు. అప్పుడు చేతికి వచ్చేది సున్నా. పక్క ఊరి రైతుకి ఒక్క ఎకరం కూడా పోలేదు, అతని పొలం ధర కూడా పెరిగింది, అతని దగ్గర ఎవరూ ఏమీ మినహాయించరు.

రాష్ట్రం వైపు వాదన కూడా వినాలి. వేల మందికి పూర్తి ధర చెల్లిస్తే కాలువ ఖర్చు ఎక్కడికో పోతుంది, లాభం పొందినవాడికే మళ్లీ పరిహారం ఇస్తే అది మిగతా ప్రజల డబ్బు. రైతు వాదన, మేలు రేపో ఎల్లుండో వస్తుంది, అదీ భూమి అమ్మితేనే, పోయింది మాత్రం ఈరోజే పోయింది. భూసేకరణ ఫైళ్లు చూసిన మన వాళ్లెవరికైనా ఈ రెండు వాదనలూ కొత్తగా అనిపించవు.

## వడ్డీ అనే మూడో ఇంటరెస్ట్

కాలువ పన్నులతో కాదు, ముఖ్యంగా అప్పుతో కట్టారు. రాష్ట్రం బాండ్లు అమ్మింది, మొదట్లో 6 శాతం, తర్వాత 5 శాతానికి కూడా. ఉప్పు మీద సుంకం, వేలంపాటల మీద సుంకం వడ్డీకి హామీ. మొత్తం 71.4 లక్షలూ అప్పే, సరాసరి వడ్డీ 5.5 శాతం అనుకుంటే ఏడాదికి దాదాపు 3.93 లక్షల డాలర్లు కట్టాలి. పూర్తయ్యాక టోల్ వసూళ్లు వడ్డీని మించిపోయాయి కాబట్టి కథ సుఖాంతమైంది.

మొదట బాండ్లు కొన్నవాళ్లలో చిన్న మొత్తాలు పెట్టినవాళ్లు చాలామంది, కూలీనాలీ చేసుకునేవాళ్లు డబ్బు దాచుకునే సేవింగ్స్ బ్యాంకు కూడా పెద్ద ఎత్తున కొంది. కొన్నేళ్లకి లండన్ డబ్బు దిగింది. కాబట్టి కాలువ బాగుండాలి అని కోరుకునేవాళ్లలో ఆ కాలువని ఎప్పుడూ చూడనివాళ్లు కూడా చేరారు. 1842 నాటికి కాలువలు వెడల్పు చేసే పనులతో అప్పు మోయలేనంతైతే, పనులు ఆపి పన్ను వేసే చట్టం తెచ్చారు, అప్పుడు పబ్లిక్ ఇంటరెస్ట్ అంటే అప్పు ఎగ్గొట్టకపోవడం అని ఒక పక్షం, పని ఆపకపోవడం అని ఇంకో పక్షం. 1846 రాజ్యాంగంలో కాలువల్ని అమ్మకూడదని రాసుకున్నారు.

## పెట్టెల్లో లేని ఉత్తరాలు

కాలువ తవ్విన కూలీలు, స్థానికులతో పాటు ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్లు, చిత్తడి నేలల్లో జ్వరాలతో పడిపోయారు. వాళ్ల సొంత చేతిరాత దొరకడం చాలా అరుదు. కాంట్రాక్టర్ల బిల్లులు, ఇంజనీర్ల రిపోర్టులు వాళ్ల గురించి మాట్లాడతాయి, వాళ్లు మాట్లాడరు. కాలువ వెళ్లిన నేల అంతకుముందు హోడెనషోనీ (ఇరొక్వాయ్) అనే అక్కడి ఆదివాసీ ప్రజలది, ఒప్పందాల పేరుతో వాళ్ల చేతి నుంచి జారిపోయాకే ఈ సర్వే గొలుసులు పడ్డాయి. ఆ లక్ష సంతకాల అర్జీల్లో ‘ప్రజలు’ అన్న మాటలో వాళ్లు లేరు.

ఇది చదువుతుంటే నాకు ధవళేశ్వరం గుర్తొస్తుంది. 1847లో మొదలై 1852కి పూర్తయిన ఆ ఆనకట్ట గురించి కాటన్ రిపోర్టులు ఉన్నాయి, మద్రాసు ప్రభుత్వానికీ లండన్‌లో కంపెనీ డైరెక్టర్లకీ మధ్య కాగితాలు ఉన్నాయి. న్యూయార్క్‌లో లాగ ఊరూరా సంతకాలు పెట్టి పంపే శాసనసభ గోదావరి రైతుకి లేదు. డొక్కల కరువులో జనం పోయారని అధికారి రాస్తేనే మనకి తెలుస్తుంది. మేలు జరిగింది, ఎంతో జరిగింది, ఇవాళ్టికీ కాటన్ బొమ్మకి దండలు వేస్తాం. కానీ ఆ ఉత్తరప్రత్యుత్తరాల్లో ప్రయోజనం ఉంది, ప్రజల గొంతు మాత్రం వేరేవాళ్ల చేతిరాతలోనే ఉంది.

## ఇప్పటికీ వస్తున్న ఉత్తరాలు

1882లో టోల్ ఎత్తేశారు. 1918కి కాలువని తిరగరాసినంత పెద్దది చేశారు, ఇప్పుడు ఈరీ, షాంప్లేన్, ఆస్విగో, కయూగా-సెనెకా అనే నాలుగు కాలువలు కలిపి 524 మైళ్ల వ్యవస్థ. సరుకు పోయింది, ఇప్పుడు నడిచేవాళ్లు, సైకిల్ వాళ్లు, విహార పడవలు. 2017 నుంచి స్టేట్ పవర్ అథారిటీ కింద ఉంది.

ఆ సమయంలోనే ఒక గొడవ మొదలైంది. పడమటి వైపు కాలువ కొన్నిచోట్ల చుట్టుపక్కల నేల కన్నా ఎత్తులో, మట్టి గట్ల మధ్య పారుతుంది. గట్టు మీద పెద్ద చెట్లుంటే వేర్ల వెంట నీళ్లు దారి చేసుకుంటాయి, గాలికి చెట్టు కూలితే గట్టు కూడా ఊడొస్తుంది, గట్టు కింద ఇళ్లున్నాయి కాబట్టి చెట్లు కొట్టాలి అని కాలువ సంస్థ మొదలుపెట్టింది. చెరువు గట్టు తెలిసినవాళ్లకి ఈ భయం అర్థమవుతుంది. రోచెస్టర్ పక్కనున్న పిట్స్‌ఫర్డ్, పెరింటన్, బ్రైటన్ పట్టణాలు ఒప్పుకోలేదు, ఇన్నేళ్లు నిలబడ్డ గట్టుకి ఇప్పుడేమైంది, నీడ పోతుంది, పర్యావరణ సమీక్ష ఎక్కడ అని కోర్టుకెళ్లాయి. గట్టు కింద నిద్రపోయేవాడి క్షేమం, గట్టు మీద నడిచేవాడి నీడ, రెండూ పబ్లిక్ ఇంటరెస్టే. ఆ చెట్ల గురించి జనం రాసిన ఉత్తరాలు, ఈమెయిళ్లు కూడా ఏదో ఒకరోజు 1816 అర్జీల పక్క పెట్టెలోకి చేరతాయి.